గట్టు, తూము, తలుపు: ఒక్క వైఫై డబ్బాలో నాలుగు నెట్‌వర్కులు

పోయిన సెమిస్టర్‌లో ఒక సాయంత్రం మా హాస్టల్ రెండో అంతస్తులో నెట్ పోయింది. నెట్ పోవడం మనకేం కొత్త కాదు. కానీ ఆ రోజు పోయిన తీరే వింతగా ఉంది. వైఫై గుర్తు నిండా గీతలున్నాయి. పాస్‌వర్డ్ తీసుకుంటోంది. కనెక్ట్ అయిందనే చెబుతోంది. పేజీ మాత్రం తెరుచుకోదు. ఇంకా విచిత్రం ఏంటంటే, ఒకే గదిలో ఒకడికి వస్తోంది, పక్క మంచం మీద వాడికి రావట్లేదు.

"అన్నా, నీ ఫోన్‌లో వస్తోందా?" అని జూనియర్లు తలుపులు కొట్టుకుంటూ తిరుగుతున్నారు. నేను అప్పుడే మెస్ నుంచి వచ్చాను. "సర్వర్ డౌన్ అయుంటుందిలే" అని పెద్దమనిషిలా చెప్పి పంపించాను.

చివరి గదిలో ఫైనల్ ఇయర్ అన్న ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఆ రాత్రి 8 గంటలకి ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్. ఆ మూలకి మొబైల్ సిగ్నల్ సరిగా రాదు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగి, గేటు దగ్గరికి పరిగెత్తి, ఎవరిదో ఫోన్ హాట్‌స్పాట్ అడుక్కుని లాగిన్ అయ్యేసరికి టెస్ట్ మొదలై చాలాసేపయింది. లోపలికి రానివ్వలేదు.

తొమ్మిదిన్నరకి నెట్‌వర్క్ చూసే సార్ వచ్చారు. నేరుగా నా గది ముందే ఆగారు. "గోడ పోర్ట్‌కి ఏం పెట్టావు?" అన్నారు.

ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న పాత వైఫై రౌటర్ పెట్టాను. గదిలో సొంత వైఫై ఉంటే బాగుంటుందని. గోడలోంచి వచ్చే వైరు దాని వెనక ఖాళీగా ఉన్న ఒక ల్యాన్ పోర్ట్‌లో దూర్చాను. నెట్ రాలేదు. తిన్నాక చూద్దాంలే అని ఆన్‌లోనే వదిలేసి మెస్‌కి వెళ్ళిపోయాను. అంతే నేను చేసింది. అంతస్తు మొత్తానికి నెట్ పోవడానికి అదే సరిపోయింది.

సార్ తిట్టలేదు. రౌటర్ మాత్రం తీసుకెళ్ళిపోయారు. మర్నాడు ల్యాబ్‌కి రమ్మని, అక్కడున్న రెండు పాత యాక్సెస్ పాయింట్లు చూపించారు. "నువ్వు చేసిన తప్పు రేపు ఇంకొకడు చేస్తాడు. వాడు చేసినా మిగతావాళ్ళకి ఏమీ కాకుండా దీన్ని పెట్టి చూపించు" అన్నారు. నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో తెలుసుకున్నదే ఈ వ్యాసం.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది?

మీ ఫోన్ వైఫైకి తగులుకోగానే దానికి ఐపీ అడ్రస్ ఉండదు. అందుకని గట్టిగా ఒక కేక పెడుతుంది: "ఇక్కడ అడ్రస్‌లు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అది ఒకరికి పెట్టే కేక కాదు, నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినిపిస్తుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ అంటాం. అడ్రస్‌లు ఇచ్చే పెద్దమనిషి పేరు డీహెచ్‌సీపీ సర్వర్. ఆయన యూడీపీ 67వ పోర్ట్ దగ్గర కూర్చుని ఈ కేకలు వింటాడు. "నీ అడ్రస్ ఇది, బయటికి వెళ్ళే దారి అది" అని బదులిస్తాడు. ఆ బయటికి వెళ్ళే దారే గేట్‌వే.

చిక్కేంటంటే, బదులిచ్చినవాడు అసలైన సర్వరా కాదా అని ఫోన్ అడగదు. సాధారణంగా ఎవరి బదులు ముందొస్తే వాళ్ళ మాటే వింటుంది. ఇంట్లో వాడే ప్రతి రౌటర్‌లోనూ ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది, అది తన ల్యాన్ పోర్ట్‌ల వైపు మాట్లాడుతుంది. నేను గోడ వైరు వ్యాన్ పోర్ట్‌లో పెట్టి ఉంటే దాని గొడవ నా గదిలోనే ఉండిపోయేది. ల్యాన్ పోర్ట్‌లో పెట్టడంతో అంతస్తు మొత్తం మీద కొత్తగా కేక పెట్టిన ప్రతి ఫోన్‌కీ అదే బదులివ్వడం మొదలుపెట్టింది. "గేట్‌వే 192.168.0.1, అంటే నేనే" అని చెప్పింది. ఆ గేట్‌వేకి బయటికి దారే లేదు.

ముందే అడ్రస్ తీసుకున్నవాళ్ళకి దాని గడువు తీరేదాకా ఏమీ కాలేదు. కొత్తగా కనెక్ట్ అయినవాళ్ళే ఇరుక్కున్నారు. ఒకే గదిలో ఒకడికి వచ్చి ఒకడికి రాకపోవడానికి కారణం ఇదే.

సార్ నన్ను ఎలా పట్టుకున్నారో కూడా చెప్పాలి. నెట్ రాని ఒక ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి గేట్‌వే చూశారు. అది కాలేజీ గేట్‌వే కాదని తెలిసింది. తర్వాత ఏఆర్‌పీ పట్టికలో ఆ గేట్‌వే మ్యాక్ అడ్రస్ చూశారు. మ్యాక్ అడ్రస్‌లో మొదటి 3 బైట్లు తయారుచేసిన కంపెనీని చెబుతాయి. అవి చూడగానే ఇది ఇంటి రౌటర్ అని అర్థమైపోయింది. ఆ మ్యాక్ ఏ పోర్ట్ నుంచి వస్తోందో స్విచ్‌ని అడిగితే, పోర్ట్ నంబర్ నా గది నంబర్ దగ్గరికి తీసుకొచ్చింది. నేరం చేసి రెండున్నర గంటలు కూడా కాలేదు.

గట్లు లేని పొలం

వరి పొలం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగెకరాల్లో ఒక్క గట్టు కూడా లేకుండా నీళ్ళు వదిలితే ఏమవుతుంది? నీళ్ళు పల్లమెటుంటే అటు పోతాయి. ఒక మూల మందు కలిస్తే అన్ని మూలలకీ చేరుతుంది. అందుకే మడులు చేసి మధ్యలో గట్లు వేస్తారు. మడి నుంచి మడికి నీళ్ళు కావాలంటే గట్టుకి తూము పెడతారు. తూముకి తలుపుంటే ఎప్పుడు, ఎంత వదలాలో రైతు చేతిలో ఉంటుంది.

మా అంతస్తు నెట్‌వర్క్ గట్లు లేని పొలం. విద్యార్థుల ఫోన్లు, గోడ పోర్ట్‌లు, వార్డెన్ ఆఫీస్ ప్రింటర్, అన్నీ ఒకే మడిలో ఉన్నాయి. ఒకడి కేక అందరికీ వినిపిస్తుంది. గాలిలో అయితే దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. యాక్సెస్ పాయింట్ బ్రాడ్‌కాస్ట్‌ని దూరంగా ఉన్న నీరసమైన ఫోన్‌కి కూడా అందేలా తక్కువ వేగంతో పంపుతుంది. అది పంపుతున్నంతసేపూ ఆ ఛానెల్‌లో మిగతావాళ్ళు ఆగాల్సిందే. మడి పెద్దదైనకొద్దీ ఈ కేకలూ పెరుగుతాయి.

ఈ పోలికని గుర్తుపెట్టుకోండి. గట్టు అంటే వీల్యాన్. తూము అంటే రౌటింగ్. తలుపు అంటే ఫైర్‌వాల్. ఈ మూడూ వేరు వేరు పనులు. చాలామంది, మొదట్లో నేనూ, "వీల్యాన్ పెట్టాం, ఇక సెక్యూరిటీ అయిపోయింది" అనుకుంటాం. గట్టు వేసి, తూము పెట్టి, తలుపు మర్చిపోతే నీళ్ళు ఆగుతాయా?

వీల్యాన్ అంటే దోబీ గుర్తు

ఒక్కో మడికి ఒక్కో స్విచ్, ఒక్కో యాక్సెస్ పాయింట్, ఒక్కో వైరు కొనుక్కుంటే గట్లు వాటంతటవే వచ్చేస్తాయి. కానీ అంత డబ్బెక్కడిది? ఒకే స్విచ్‌ని, ఒకే వైరుని నాలుగు ముక్కలుగా నటింపజేసే పద్ధతే వర్చువల్ ల్యాన్. 1998లో ఐఈఈఈ దీన్ని 802.1క్యూ అనే ప్రమాణంగా తెచ్చింది.

హాస్టల్ దోబీని చూడండి. నలభై గదుల బట్టలు ఒకే మూటలో పట్టుకెళ్తాడు. కలిసిపోకుండా ఒక్కోదానికి గది నంబర్ రాసిన చిన్న గుడ్డపీలిక కడతాడు. తిరిగి ఇచ్చేటప్పుడు అది విప్పేస్తాడు. చొక్కాకి ఆ పీలిక సంగతి తెలియక్కర్లేదు, వేసుకునే మనకీ అక్కర్లేదు.

802.1క్యూ చేసేది సరిగ్గా ఇదే. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో పంపినవాడి మ్యాక్ అడ్రస్ తర్వాత 4 బైట్ల ట్యాగ్ ఒకటి దూరుస్తుంది. మొదటి 2 బైట్లలో ఉండేది హెక్సాడెసిమల్‌లో 8100 అనే సంఖ్య, "ఇక్కడ ట్యాగ్ ఉంది" అని చెప్పే గుర్తు. మిగతా 2 బైట్లలో 3 బిట్లు ప్రాధాన్యానికి, 1 బిట్ రద్దీలో ముందుగా వదిలేయవచ్చా అన్నదానికి, 12 బిట్లు వీల్యాన్ నంబర్‌కి. 12 బిట్లంటే 4096 సంఖ్యలు. 0, 4095 వాడకూడదు కాబట్టి మనకి మిగిలేవి 4094. ట్యాగ్ వల్ల అతిపెద్ద మామూలు ఫ్రేమ్ 1518 బైట్ల నుంచి 1522 అవుతుంది.

స్విచ్ పోర్ట్‌లు రెండు రకాలుగా ఉంటాయి. ప్రింటరో, కంప్యూటరో తగిలించే పోర్ట్ యాక్సెస్ పోర్ట్. అక్కడ ట్యాగ్ ఉండదు. లోపలికొచ్చే ఫ్రేమ్‌కి స్విచ్ తనే నంబర్ కడుతుంది, బయటికి పోయేటప్పుడు విప్పేస్తుంది. ఏ నంబర్ కట్టాలో చెప్పేది ఆ పోర్ట్ పీవీఐడీ. రెండోది ట్రంక్ పోర్ట్. ఇది దోబీ మూట. స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య, స్విచ్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ మధ్య అన్ని వీల్యాన్‌లూ ట్యాగ్‌లతో సహా ఒకే వైరులో పోతాయి.

మరి వైఫైలో? గాలిలో వెళ్ళే మీ ఫోన్ ఫ్రేమ్‌కి ఈ ట్యాగ్ ఉండదు. యాక్సెస్ పాయింటే అంతా చూసుకుంటుంది. ఒకే డబ్బా రెండు మూడు పేర్లతో వైఫై ప్రసారం చేస్తుంది. ఫలానా పేరుతో వచ్చినవాడు ఫలానా వీల్యాన్ అని లెక్క. ఫోన్ నుంచి వచ్చినదాన్ని విప్పి, నంబర్ కట్టి, వైరు మీదికి వదులుతుంది.

అలాగని పది పేర్లు పెట్టకండి. ప్రతి పేరుకీ యాక్సెస్ పాయింట్ మామూలుగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి "నేనున్నాను" అని బీకన్ పంపుతుంది. అదీ తక్కువ వేగంతోనే. పేర్లు పెరిగేకొద్దీ ఎవరూ వాడకపోయినా గాలి నిండిపోతుంది. మూడు, మహా అయితే నాలుగు చాలు. అంతకన్నా ఎక్కువ గుంపులు కావాలంటే పెద్ద క్యాంపస్‌లలో ఒకే పేరు పెట్టి, లాగిన్ అయిన మనిషిని బట్టి రేడియస్ సర్వర్ వీల్యాన్ నంబర్ చెప్పేలా చేస్తారు.

ల్యాబ్‌లో చేసిన పని

రెండు యాక్సెస్ పాయింట్లలోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాను. పాత రౌటర్లని లినక్స్ డబ్బాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ అది. బ్రౌజర్‌లోనే, లూసీ అనే పేజీలో వీల్యాన్‌లు పెట్టుకోవచ్చు. మీ డబ్బాలో వేరే సాఫ్ట్‌వేర్ ఉంటే మెనూ పేర్లు మారతాయి, లెక్క మారదు.

డబ్బా ముట్టుకునే ముందు కాగితం మీద రాసుకున్నది ఇది:

వీల్యాన్ 10: ల్యాబ్ కంప్యూటర్లు, ప్రింటర్. 192.168.10.0/24.
వీల్యాన్ 20: విద్యార్థుల వైఫై. 192.168.20.0/24.
వీల్యాన్ 30: అతిథుల వైఫై. 192.168.30.0/24.
వీల్యాన్ 99: డబ్బాల సెట్టింగ్‌లు మార్చడానికి మాత్రమే. 192.168.99.0/24.

మొదటి డబ్బా వెనక నాలుగు ల్యాన్ పోర్ట్‌లు. 1, 2 ల్యాబ్‌కి, అంటే వీల్యాన్ 10, ట్యాగ్ లేకుండా. 3 నా ల్యాప్‌టాప్‌కి, వీల్యాన్ 99, ట్యాగ్ లేకుండా. 4 రెండో డబ్బాకి ట్రంక్, నాలుగు వీల్యాన్‌లూ ట్యాగ్‌తో. వ్యాన్ పోర్ట్ కాలేజీ నెట్‌వర్క్‌కి.

ఇక వరస:

1. నెట్‌వర్క్ మెనూలో ఇంటర్‌ఫేసెస్, అందులో డివైజెస్. అక్కడ బీఆర్-ల్యాన్ అనే బ్రిడ్జ్ కాన్ఫిగర్ తెరిచి, బ్రిడ్జ్ వీల్యాన్ ఫిల్టరింగ్ ఆన్ చేశాను. పట్టికలో నాలుగు వరసలు చేర్చి, పైన చెప్పినట్టు ఒక్కో పోర్ట్‌కి ట్యాగ్ ఉందా లేదా నింపాను.

2. ఇప్పుడు బీఆర్-ల్యాన్ చుక్క 10, చుక్క 20 అంటూ నాలుగు పరికరాలు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఒక ఇంటర్‌ఫేస్ చేసి, 192.168.10.1, 192.168.20.1 ఇలా అడ్రస్ ఇచ్చి, డీహెచ్‌సీపీ ఆన్ చేశాను. అంటే ఒక్కో మడికి దాని సొంత అడ్రస్ పెద్దమనిషి.

3. వైర్‌లెస్ మెనూలో రెండు పేర్లు పెట్టాను. విద్యార్థుల పేరుని 20వ ఇంటర్‌ఫేస్‌కి, అతిథుల పేరుని 30వ దానికి కలిపాను.

4. రెండో డబ్బాలో ఇదే వీల్యాన్ పట్టిక, ఇవే పేర్లు, ఇవే పాస్‌వర్డ్‌లు. కానీ 10, 20, 30 ఇంటర్‌ఫేస్‌లకి అడ్రస్ ఇవ్వలేదు. 99 మీద ఒక అడ్రస్ మాత్రం ఇచ్చాను, డబ్బా దగ్గరికి చేరడానికి. డీహెచ్‌సీపీ పూర్తిగా ఆపేశాను. ఇది మర్చిపోతే నా పాత రౌటర్ చేసిన పనే ఇదీ చేస్తుంది.

మొదటిసారి 1వ మెట్టు చేసి సేవ్ నొక్కగానే పేజీ వేలాడిపోయింది. డబ్బా దగ్గరికి వెళ్ళే దారే పోయింది. ఎందుకంటే పాత ల్యాన్ ఇంటర్‌ఫేస్ ఇంకా బీఆర్-ల్యాన్ మీదే ఉంది. ఫిల్టరింగ్ ఆన్ అవగానే ఆ మీదికి ఏ వీల్యానూ చేరదు. నేను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాను. అదృష్టం కొద్దీ లూసీకి ఒక మంచి అలవాటుంది. సెట్టింగ్ మార్చాక బ్రౌజర్ 90 సెకన్లలో తిరిగి రాకపోతే అది పాత సెట్టింగ్‌కి వెళ్ళిపోతుంది. ఆ 90 సెకన్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కంగారుపడి ప్లగ్ పీకకూడదు. రెండోసారి ల్యాన్ ఇంటర్‌ఫేస్‌ని బీఆర్-ల్యాన్ చుక్క 99కి మార్చి, నా వైరు 3వ పోర్ట్‌లో ఉందని చూసుకుని, రెండు మార్పులూ ఒకేసారి సేవ్ చేశాను.

తలుపులు బిగించడం

ఇప్పటికి గట్లున్నాయి. కానీ నాలుగు మడులకీ గేట్‌వే ఒకే డబ్బా. అంటే నాలుగు గట్లకీ తూములు అక్కడే తెరుచుకుంటాయి. తలుపులు బిగించకపోతే అతిథి వైఫైలో ఉన్నవాడు ల్యాబ్ కంప్యూటర్‌ని పలకరించవచ్చు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫైర్‌వాల్‌లో ఒక్కో మడికి ఒక జోన్ చేస్తాం. ఒక్కో జోన్‌కి మూడు ప్రశ్నలు. ఇన్‌పుట్: ఈ మడిలోనివాళ్ళు డబ్బాతోనే మాట్లాడొచ్చా? అవుట్‌పుట్: డబ్బా ఈ మడితో మాట్లాడొచ్చా? ఫార్వర్డ్: ఈ జోన్‌లోనే ఉన్న ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి వెళ్ళొచ్చా?

విద్యార్థులు, అతిథులు, ల్యాబ్, ఈ మూడు జోన్లకీ ఇన్‌పుట్ రిజెక్ట్, అవుట్‌పుట్ యాక్సెప్ట్, ఫార్వర్డ్ రిజెక్ట్ పెట్టాను. వ్యాన్ వైపు మాత్రం వెళ్ళనిచ్చాను. 99కి ఇన్‌పుట్ యాక్సెప్ట్. ఇక డబ్బా లాగిన్ పేజీ వైఫై నుంచి ఎవరికీ కనిపించదు.

సేవ్ చేసి ఫోన్ కలిపాను. అడ్రస్ రాలేదు! ఇన్‌పుట్ రిజెక్ట్ అన్నాక డీహెచ్‌సీపీ కేక కూడా డబ్బాకి వినపడదు కదా. అందుకని ప్రతి జోన్‌కీ రెండు చిన్న కంతలు ఉంచాలి: డీహెచ్‌సీపీ కోసం యూడీపీ 67, పేర్లు అడ్రస్‌లుగా మారడానికి డీఎన్‌ఎస్ కోసం టీసీపీ, యూడీపీ 53. ఇవి పెట్టాక నెట్ వచ్చింది. గేట్‌వేకి పింగ్ కొడితే మాత్రం బదులు రాలేదు. అది తప్పు కాదు, మనం వద్దన్నాం కాబట్టి. పింగ్ రాకపోతే నెట్ లేదని ఎప్పుడూ తేల్చేయకండి.

తర్వాత ప్రింటర్. అది ల్యాబ్ మడిలో 192.168.10.5 మీద ఉంది. విద్యార్థులు రికార్డులు ప్రింట్ తీసుకోవాలి. ల్యాబ్ మొత్తం తెరవక్కర్లేదు. ఒకే రూల్: విద్యార్థుల జోన్ నుంచి ల్యాబ్ జోన్‌లోని 192.168.10.5కి, టీసీపీ 9100 పోర్ట్‌కి మాత్రం యాక్సెప్ట్. ప్రింటర్ తిరిగి చెప్పే మాటలకి ఇంకో రూల్ రాయక్కర్లేదు. ఎవరు మొదలుపెట్టిన సంభాషణకి ఎవరు బదులిస్తున్నారో ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఫోన్‌లో ప్రింటర్ పేరు దానంతటది కనిపించదు. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎండీఎన్‌ఎస్ పిలుపులు గట్టు దాటవు. అడ్రస్ చేత్తో కొట్టుకోవాలి.

అసలైన తప్పు నాకు కనపడలేదు, సార్ పట్టుకున్నారు. "అతిథిని వ్యాన్‌కి వదిలావు. నీ వ్యాన్ ఎక్కడికి పోతుంది?" అన్నారు. కాలేజీ నెట్‌వర్క్‌కి! ఇంట్లో అయితే వ్యాన్ అంటే ఇంటర్నెట్. ఇక్కడ వ్యాన్ అవతల ఆఫీస్ సర్వర్లు, పరీక్షల విభాగం, అన్నీ ఉన్నాయి. ల్యాబ్‌ని కాపాడి కాలేజీ మొత్తాన్ని అతిథికి అప్పజెప్పాను. దానికి మందు: అతిథుల జోన్ నుంచి వ్యాన్ వైపు పోయే వాటిలో గమ్యం 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అయితే రిజెక్ట్. ఈ మూడూ లోపలి నెట్‌వర్కులు వాడుకునే ప్రైవేట్ అడ్రస్‌లు. ఇంటర్నెట్‌లో ఉండే సైట్ల అడ్రస్‌లు వీటిలో ఉండవు కాబట్టి అతిథికి బయటి నెట్ యథావిధిగా వస్తుంది. మీ దగ్గర ఐపీవీ6 కూడా నడుస్తుంటే దాని లోపలి అడ్రస్‌లకీ ఇలాంటి రూల్ కావాలి. ఐపీవీ4 తలుపు ఒక్కటే మూస్తే పక్క తలుపు తెరిచే ఉంటుంది.

ఫైర్‌వాల్ రూల్స్ పైనుంచి కిందికి చదువుతుంది, సరిపోయిన మొదటి రూల్ దగ్గర ఆగిపోతుంది. "అందరినీ ఆపు" పైన, "ప్రింటర్‌కి వదులు" కింద రాస్తే రెండోది ఉన్నా లేనట్టే.

ఫైర్‌వాల్‌కి కనపడనివి

ఒకే మడిలో ఇద్దరు మాట్లాడుకుంటే అది తూము దాకా రాదు. కాబట్టి ఫైర్‌వాల్‌కి తెలియదు. విద్యార్థుల వైఫైలో ఒకడు పక్కవాడి షేర్డ్ ఫోల్డర్‌లో తొంగిచూడవచ్చు. దీనికి వైర్‌లెస్ సెట్టింగ్‌లలో ఐసోలేట్ క్లయింట్స్ అనే గడి ఉంది. టిక్ పెడితే ఆ యాక్సెస్ పాయింట్‌లో ఆ పేరు మీదున్న ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. కానీ అది ఆ డబ్బా వరకే. రెండో డబ్బాలో ఉన్నవాడు అదే వీల్యాన్‌లో ఉంటే వైరు గుండా చేరగలడు.

మ్యాక్ ఫిల్టర్ మీద ఆశ పెట్టుకోకండి. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా మ్యాక్ అడ్రస్ గాలిలో అందరికీ కనిపించేలానే పోతుంది, దాన్ని ఎవరైనా కాపీ కొట్టవచ్చు. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తున్నాయి. దొంగని ఆపదు, ఇంటివాళ్ళని ఆపుతుంది.

పరీక్ష

రెండు వారాల తర్వాత సార్ బల్ల సొరుగులోంచి ఒక డబ్బా తీశారు. నా పాత రౌటరే. "పెట్టు" అన్నారు. దాని ల్యాన్ పోర్ట్ నుంచి వైరు తీసి మా డబ్బా 2వ పోర్ట్‌లో పెట్టాను. విద్యార్థుల వైఫైలో ఫోన్ తీసేసి మళ్ళీ కలిపాను. 192.168.20 అడ్రసే వచ్చింది. అతిథుల వైఫైలోనూ అంతే, 192.168.30. నా రౌటర్ అరుపులు పదో మడి దాటి రాలేదు.

"మరి ల్యాబ్ కంప్యూటర్?" అన్నారు. దాన్ని రీస్టార్ట్ చేస్తే 192.168.0.1 గేట్‌వే వచ్చింది. అది పోయింది. "అంతస్తు మొత్తాన్ని ముంచేవాడివి, ఇప్పుడు ఒక మడినే ముంచావు. గట్టు చేసే పని అంతవరకే" అన్నారు. అదే మడిలో దొంగ డీహెచ్‌సీపీని ఆపాలంటే స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనేది ఆన్ చేయాలి. అడ్రస్‌లు ఇచ్చే హక్కు ఏ పోర్ట్‌కి ఉందో స్విచ్‌కి చెబుతాం. మిగతా పోర్ట్‌ల నుంచి అలాంటి బదులు వస్తే అది అక్కడికక్కడే పారేస్తుంది. సెలవుల్లో హాస్టల్ స్విచ్‌లలో అది ఆన్ చేశారు, గోడ పోర్ట్‌లకీ వైఫైకీ వేరే వీల్యాన్‌లు కూడా ఇచ్చారు. వైర్ల మీద లేబుళ్ళు అంటించే పని నాది.

టెస్ట్ పోగొట్టుకున్న అన్న గదికి ఆ రోజు రాత్రే వెళ్ళి నిజం చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వా?" అన్నాడు. అంతే. తర్వాత ఇంకో చోట ఆయనకి ఉద్యోగం వచ్చింది. దానివల్ల నేను చేసింది ఒప్పయిపోదు. హాస్టల్ ఖాళీ చేసే రోజు నన్ను పిలిచి, తన ఇంట్లో వైఫైకి అతిథుల పేరు వేరే ఎలా పెట్టాలో అడిగాడు. గంటసేపు కూర్చుని కాగితం మీద రాసిచ్చాను. మొదటి వాక్యం ఇది రాశాను: గోడ వైరు వ్యాన్ పోర్ట్‌లోనే పెట్టాలి.

మీ గదిలోనూ ఒక పాత రౌటర్ ఉంటే, తగిలించే ముందు వెనక్కి తిప్పి ఆ పోర్ట్ పేరు ఒక్కసారి చదవండి. తగిలించొచ్చా అని నెట్‌వర్క్ చూసే సార్‌ని అడగండి. నెట్ రాకపోతే మాత్రం ఆన్‌లో వదిలేసి భోజనానికి వెళ్ళకండి.